మూలబిళ్ళ

కింద వాటా ఆయన తల కోసి లోపల రేడియోలాంటిదేదో పెట్టారట. పెట్టించింది పరాయివాళ్ళు కూడా కాదట, సొంత మరదలేనట. ఇప్పుడా పిల్ల ఆఫీసులో కాలు మీద కాలేసుకుని కూర్చుని బావ మనసులో అనుకునేవన్నీ వింటోందట. ఎదురు వాటా ఆవిడ ఈ మాట పాలు పోసే మనిషితో అంటే, అతను అలవాటు కొద్దీ దీనిక్కూడా కాసిని నీళ్ళు కలిపి మెట్ల దగ్గర ఆ పిల్ల సొంత అక్క చెవిలోనే పోశాడు. అక్క దాన్ని ఆస్పత్రి దాకా మోసుకొచ్చి, కాఫీ ఫ్లాస్కుతో పాటు మంచం పక్కన దించింది.

బావ పగలబడి నవ్వబోయి, తల ఊపకూడదని గుర్తొచ్చి కళ్ళతో నవ్వాడు. తల చుట్టూ తెల్లటి కట్టు. కట్టులోంచి భుజం మీదికి జడలా దిగిన తీగల పాయ.

"విననీవే. ఎదురు వాటా ఆవిడ గురించి నేనేమనుకుంటున్నానో ముందు అది వినిపించమను. ఇల్లు ఖాళీ చేసి పోతుంది," అన్నాడు.

ఆ మరదలు అక్కడే ఉంది, మంచం కాళ్ళ వైపు బల్ల మీద తెర పెట్టుకుని. జుట్టు అక్కడక్కడ నెరిసినా ఇంట్లో ఇప్పటికీ ఆమెని చిన్నది అనే పిలుస్తారు. బావ మాటకి నవ్వింది గాని తెర మీంచి చూపు తిప్పలేదు. రేపు పొద్దున బావకి ఆపరేషన్.

పుకారు మరీ గాలికి పుట్టింది కాదు. బావ తలలో ఉన్నది రేడియో కాదు గాని, అరచేతిలో సగం ఉండే మెత్తటి పలచటి రేకు. దాని మీద వరసలు వరసలుగా ఆవగింజలంత బిళ్ళలు. రేకు మెదడు మీద పరుచుకుని ఉంటుంది, ఒక్కో బిళ్ళా తన కిందున్న మెదడు ఏమంటోందో వింటుంది. ఆ గొణుగుడు ఎంత సన్నమంటే, గోడ గడియారంలో వేసే బ్యాటరీ బలంలో పదివేలో వంతు ఉంటే గొప్ప. దాన్ని పట్టుకుని, పెద్దది చేసి, బయటి తెర మీద గీతలుగా పంపే చిప్పు గీసింది చిన్నది. రేకు నమూనా కూడా ఆమెదే.

ఆమె పనేమిటని అక్క ఒకసారి అడిగితే, వినే చెవి తనే రొద చేయకుండా చూసుకోవడం అని చెప్పింది. ఏ తీగ అయినా, ఏ ట్రాన్సిస్టర్ అయినా ఊరికే కూర్చున్నా తన వేడికి తను ఏదో సణుగుతూనే ఉంటుంది. ఆ సణుగుడు మెదడు మాటని మింగేయకూడదు. అందుకని చిన్నది ముందు వరస ట్రాన్సిస్టర్లని వెడల్పుగా గీసింది, తీగల్ని వీలైనంత పొట్టి చేసింది. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు ఏళ్ళ తరబడి రొద ఏరింది. చివరికి ఆ చిప్పు ఎంత నిశ్శబ్దంగా తయారైందంటే, ఆమె పై ఆఫీసరు కూడా బాగుందన్నాడు. ఆయన్ని ఆఫీసులో మైక్రోవోల్ట్ సార్ అంటారు, ఆయన నోట్లోంచి మెచ్చుకోలు అంత సన్నటి కొలతలోనే వస్తుంది గనక.

ఆయన్ని అంతగా మురిపించింది చిన్నది పెట్టిన ఉమ్మడి తీసివేత. గోడల్లోని కరెంటు తీగలు, మంచం మోటారు, ఫ్యాను, ఇవన్నీ గదిలో ఒక సన్నటి రొద పోస్తుంటాయి. ఆ రొద తీగల దారిన అన్ని బిళ్ళల్లోకీ ఒకే తీరుగా దూరుతుంది. కాబట్టి బిళ్ళలన్నీ కలిసి ఒకే మాట అంటున్నాయంటే అది బయటి రొద, ఒక్కో బిళ్ళ విడిగా అనేది మెదడు మాట. చిప్పు లోపలే అన్నిటి సగటు కట్టి, ఆ సగటుని ప్రతి బిళ్ళలోంచీ తీసేస్తుంది. మిగిలిందే తెర మీదికి వస్తుంది. తీసేసింది ఎక్కడా దాచదు, పారేస్తుంది.

బావది కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే పని. తెల్లవారుతూండగా బస్తాల మీదెక్కి నిలబడితే ఆ గొంతుకి అడ్డూ ఆపూ ఉండేది కాదు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. వాడిపోయిన వంకాయల్ని కూడా పెళ్ళికూతుళ్ళలా నిలబెట్టి అమ్మేవాడు. అలాంటివాడికి ఫిట్లు పట్టుకున్నాయి. మందులు మార్చారు, మోతాదులు పెంచారు, దేనికీ లొంగలేదు. ఒకరోజు పాట మధ్యలో బస్తాల మీంచి విరుచుకుపడి, వెనక్కి వస్తున్న లారీ చక్రం పక్కన తేలాడు. ఆ రోజు నుంచి అక్కకి కంటి మీద కునుకు లేదు. బావ స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి అదీ ఇదీ మాట్లాడిస్తూ ఉంటుంది. లోపల్నుంచి జవాబు ఆలస్యమైతే తలుపు బాదుతుంది.

రేకు పెట్టి, మందులు ఆపి, ఫిట్లు రానిచ్చారు. వచ్చిన ప్రతిసారీ తెర మీద ఒకటే సంగతి. మిగతా గీతలన్నీ బుద్ధిగా ఉండగా, రేకు ముందు మూలనున్న ఒక్క బిళ్ళ గీత మాత్రం వెర్రెత్తినట్టు ఎగిరేది. దానికి మూలబిళ్ళ అని పేరు పెట్టారు. ఫిట్టు పుట్టేది దాని కిందే అని సర్జన్ తేల్చాడు. చిక్కల్లా, మాటలు పుట్టే చోటు కూడా అక్కడే ఉంది. ఆ ముక్క తీసేస్తే ఫిట్లు పోవచ్చు, దాంతో పాటు మాట కూడా పోవచ్చు. సర్జన్ ఏదీ దాచలేదు. ఒకటికి రెండుసార్లు చెప్పి, ఆలోచించుకోమన్నాడు.

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నోరు పోతే తక్కెడ పట్టుకుంటాను. నేనే పోతే రెండూ పట్టుకోలేను గదా," అన్నాడు. దాంతో ఆపరేషన్ ఖాయమైంది.

అక్క పుకారు మోసుకొచ్చిన ఆ మధ్యాహ్నమే వరండాలోంచి టీచరమ్మ గదిలోకి తొంగిచూసింది. బావకంటే ముందు ఇదే రేకు పెట్టించుకున్న కొద్దిమందిలో ఆమె ఒకతె. బడిలో లెక్కలు చెప్పేది. ఆమెకి తీసిన ముక్క కూడా ఆ ముందు మూల కిందిదే. ఆపరేషన్ తరవాత మాటలు దొరకడం లేదు, ఫిట్లు కూడా మళ్ళీ మొదలయ్యాయి. అందరికీ ఒకేలా కుదరదని సర్జన్ బాధపడ్డాడు. ఇప్పుడు మాటలు నేర్పే అమ్మాయి ఆమెని బొమ్మల అట్టలతో వరండాలో కూర్చోబెడుతుంది. వంకాయ బొమ్మ చూపిస్తే టీచరమ్మకి అదేమిటో తెలుసు, కూర ఎలా చెయ్యాలో కూడా తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు. "అది... అది..." అని ఆగిపోతుంది.

ఆమెని చూడగానే బావకి హుషారొచ్చింది. అట్ట ఇలా ఇమ్మని చేతిలోకి తీసుకుని, ఆ వంకాయ బొమ్మని వేలం వేయడం మొదలుపెట్టాడు. లేత వంకాయమ్మా, ముల్లు కూడా ముదరలేదమ్మా, అటు చివర తలపాగా ఒకటి, ఇటు గళ్ళ చొక్కా రెండు, గళ్ళ చొక్కా మీద ఎవరమ్మా, అంటూ గుర్రం పరిగెత్తినట్టు పోతున్నాడు. టీచరమ్మ నోరు మూసుకుని భుజాలు ఊగేలా నవ్వుతోంది. అక్క మెల్లిగా మెల్లిగా అంటూ చెయ్యి ఊపుతోంది.

చిన్నది మాత్రం నవ్వడం ఆపేసింది.

మనిషి మాట్లాడేటప్పుడు మాటల చోటు మీదున్న బిళ్ళల గీతలు మందమవుతాయి. అలాగే అవుతున్నాయి కూడా. మూలబిళ్ళకి ఇటుపక్కది మందమైంది, వెనకది మందమైంది. మధ్యలో మూలబిళ్ళ గీత సన్నగా, శుభ్రంగా, అప్పుడే ఉతికి ఆరేసిన దారంలా ఉంది. బావ టీచరమ్మకి అట్ట తిరిగిచ్చేశాడు.

"ఆపకు బావా. ఇంకో గంప అమ్ము."

"ఏం, కొంటావా?"

"కొంటాలే. అమ్ము."

ఆమె గొంతులో తేడా బావకి తెలిసింది. మార్కెట్లో కొనేవాడి కనుబొమ్మ కదిలినా కనిపెట్టేవాడికి అదొక లెక్కా. ఏమీ అడక్కుండా టమాటాలు మొదలుపెట్టాడు. చుట్టుపక్కల గీతలు మళ్ళీ మందమయ్యాయి. మూలబిళ్ళ ఉలకలేదు, పలకలేదు. ఊరంతటికీ వినపడే మాట పుట్టే చోటు మీదే కూర్చుని, అది ఒక్క ముక్కా వినడం లేదు.

చిన్నది తెర దగ్గరికి జరిగింది. రేకులోని బిళ్ళలన్నిట్లోకీ శుభ్రమైనది ఇదేనని సర్జన్‌కి చూపించింది తనే. మిగతావన్నీ ఎంతో కొంత సణుగుతాయి, ఇది బంగారం అని కూడా అంది. శుభ్రంగా ఉండటం కాదు, అది చెవుడని ఇప్పుడు తెలుస్తోంది.

ఎందుకు చెవుడో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. రేకు వీపు మీద, ఎముక వైపు తిరిగి, మెదడు మాట అందని సున్నాబిళ్ళ అని పెద్దది ఒకటుంటుంది. మిగతా బిళ్ళలన్నీ ఏమంటున్నాయో దానితో పోల్చి కొలుస్తారు. దాని తీగ పొట్టిగా ఉంటే రొద తగ్గుతుందని చిన్నది దాన్ని ముందు మూలకి జరిపి, మూలబిళ్ళ పక్కనే పెట్టింది. తల లోపల తడి ఉంటుంది. ఆ తడి రెండిటి మధ్యా వంతెన కట్టేసింది. సున్నాతో అంటుకుపోయిన బిళ్ళని సున్నాతో పోలిస్తే వచ్చేది సున్నాయే. తీగల దారిన దూరే గోడల రొద ఒక్కటే మిగులుతుంది, దాన్ని తీసివేత తుడిచేస్తుంది.

మరి చెవిటి బిళ్ళ ఫిట్టు వచ్చినప్పుడు అంత అరిచిందేమిటి?

ఆ ప్రశ్నకి జవాబు కూడా ఆమె పెట్టిన తీసివేతలోనే ఉంది. వీధిలో అందరూ ఒకే గొంతుతో అరుస్తున్నారనుకుంటే, ఆ అరుపే సగటు. ఉమ్మడి తీసివేత అందరిలోంచీ ఆ సగటు తీసేస్తుంది, అరిచినవాళ్ళంతా మూగవాళ్ళైపోతారు. నోరు విప్పని చెవిటివాడి దగ్గర్నుంచి కూడా అంతే తీసేస్తుంది. వాడి దగ్గర లేనిదాన్ని తీసేసరికి, అది తలకిందులై వాడే అరిచినట్టు కనపడుతుంది. పాత ఫిట్ల గీతలు తెరిచి చూసింది. మూలబిళ్ళ అలలు నిజంగానే తలకిందులుగా ఉన్నాయి. మూలన ఉన్నదానికి అది మామూలేలే అని అప్పట్లో అందరూ అనుకున్నారు, ఆమెతో సహా.

అంటే ఫిట్టు ఆ మూలన పుట్టడం లేదు. ఒక్కసారిగా రేకంతటా వస్తోంది, ఎక్కడో లోతునుంచి. రేపు పొద్దున సర్జన్ కత్తి పెట్టబోయేది ఏ పాపం ఎరగని చోట.

"ఏంటే చిన్నదానా, అలా అయిపోయావు?" అని అక్క అడిగింది. కాఫీ చల్లారిపోయిందని ఏదో చెప్పి చిన్నది వరండాలోకి నడిచింది.

ఆమె ఫోను చేస్తే మైక్రోవోల్ట్ సార్ వచ్చి, వరండా చివర నీళ్ళ యంత్రం దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఆ బిళ్ళకి పరీక్షలన్నీ సరిగ్గానే వచ్చాయి కదా, అన్నిట్లోకీ బాగా వచ్చాయి కదా అన్నాడు. మరీ బాగా వచ్చాయి సార్, అంత బాగా రాకూడదు అంది చిన్నది. ఆయన చేతిలోని కాగితం కప్పుని నలిపాడు. ఆయన మనసులో ఏముందో ఆమెకి తెలుసు. ఈ చిప్పు ఇంకో నాలుగు ఆస్పత్రులకి వెళ్ళబోతోంది.

"సున్నాబిళ్ళని అక్కడికి జరపమన్నదెవరు?" అని చివరికి అడిగాడు.

"నేనే."

"నేను సంతకం పెట్టాను," అన్నాడాయన. కప్పు చెత్తబుట్టలో వేసి, సర్జన్ గది వైపు ఆయనే ముందు నడిచాడు.

సర్జన్ కసురుకునే రకం కాదు. అదే ఇబ్బంది అయింది. ఓపిగ్గా విని, ఒక్కొక్కటే పక్కన పెట్టాడు. ఆ బిళ్ళ ఇవాళ చెవిటిదైతే కావచ్చు, ఫిట్లు వచ్చిన రోజుల్లో కూడా చెవిటిదేనని రుజువేమిటి? తడి నిన్న చేరి ఉండొచ్చు. తలకిందుల అలలంటారా, నిజంగా మూలన పుట్టిన ఫిట్టు కూడా అలా కనపడొచ్చు. తీసేసిన సగటు చూపించమంటే, అది చిప్పు ఎప్పుడో పారేసింది. రేకుని ఇంకా తలలో ఉంచితే చీము పట్టే భయం, కాబట్టి రేపు తల తెరవక తప్పదు. తెరిచాక రేకు ఒక్కటే తీసి కుట్టేయడమా, ముక్క కూడా తీయడమా అన్నదే తేలాలి.

"ఊహ మీద ఆపరేషన్ చేయనమ్మా. ఊహ మీద ఆపను కూడా ఆపను. ఆయనకి ఫిట్లతో ప్రాణం మీదికొచ్చింది. ఒక్క ఫిట్టు చూపించండి, మీ తీసివేత లేకుండా," అన్నాడు.

తీసివేతని ఆపడం కష్టం కాదు. చిప్పుకి ఒక ఆదేశం పంపితే చాలు. ఫిట్టుని రప్పించడం ఎవరి చేతిలో ఉంది?

బావకి, అక్కకి చెప్పడం చిన్నది వంతయింది. మంచం అంచున కూర్చుని, దాచకుండా, తన తప్పు తన నోటితోనే చెప్పింది. బావ తీగల పాయని వేళ్ళతో నిమురుతూ విన్నాడు. అక్క మాత్రం సగంలోనే లేచి నిలబడింది.

"ఇన్నేళ్ళూ రావద్దు రావద్దని మొక్కుకున్నాను. ఇప్పుడు రమ్మని మొక్కుకోవాలా? నీ చిప్పు సరిచూసుకోవడానికి నా మొగుడు కొట్టుకోవాలా?"

చిన్నది చెయ్యి పట్టుకోబోతే అక్క విదిలించుకుంది.

"ఆపరేషన్ జరిగితే నయమవుతుందన్నారు. నేను ఆ మాట పట్టుకుని బతుకుతున్నానే. అది కూడా లాగేసుకుంటున్నావు నువ్వు."

"దాని మీద ఎగరకే. అది చెప్పకుండా ఊరుకుంటే, రేపు నేను నీతో పోట్లాడటానికి కూడా మాట ఉండేది కాదు," అన్నాడు బావ. ఆ తరవాత చిన్నది వైపు తిరిగి, తనకి నిద్ర లేకపోతే ఫిట్టు వస్తుందనీ, పాట పాడే రోజుల్లో అలాగే వచ్చేదనీ, రాత్రంతా మేలుకునే ఉంటాననీ చెప్పాడు. సరుకు రప్పించే బాధ్యత నాది, తూకం నీది అన్నాడు.

రాత్రి అలా గడిచింది, ఫిట్టు మాత్రం రాలేదు.

తెల్లవారింది. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళడానికి ఇంకాస్త టైముంది. రాత్రి మొదట్లో తీసివేత ఆపేసరికి తెర నిండా గోడల రొద విరుచుకుపడింది, గీతలన్నీ గొంగళిపురుగుల్లా లావెక్కాయి. ఇన్నాళ్ళూ చిప్పు మింగుతున్న రొద ఇంతని చిన్నదే అనుకోలేదు. దాని కింద మెదడు మాట కాదు గదా, మెదడు అరిచినా కనపడదు. ఆమె గదంతా తిరిగి ప్లగ్గులు పీకడం మొదలుపెట్టింది. మంచం మోటారు, ఫ్యాను, తల దగ్గర దీపం, సెలైను యంత్రం. నర్సు సెలైను చుక్కల్ని చేత్తో సర్దింది. ఫోన్లన్నీ బయటికి పంపారు. మైక్రోవోల్ట్ సార్ చొక్కా చేతులు మడుచుకుని, పక్క గదివాళ్ళని బతిమాలి వాళ్ళ ఫ్రిజ్ కూడా ఆపించి వచ్చాడు. తెర బ్యాటరీ మీద నడుస్తోంది. గీతలు ఒక్కొక్కటే చిక్కి, చదవడానికి వీలుగా వచ్చాయి.

ఇప్పుడు గదిలో గాలి లేదు. కిటికీ వెలుతురులో అందరి మొహాలూ చెమటతో మెరుస్తున్నాయి. అక్క ఒక అట్ట తీసుకుని బావకి విసురుతోంది. చెల్లెలి వంక చూడలేదు.

సర్జన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనకాల స్ట్రెచర్ చక్రాల కిర్రు.

"టైమైందండీ."

"ఒక్క గంప, డాక్టర్‌గారూ," అన్నాడు బావ. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. గొంతు బొంగురుపోయింది. అయినా ఎత్తుకున్నాడు. బెండకాయలు. వేలు తగిలితే విరిగే బెండకాయలమ్మా, అటు ఒకటి, ఇటు రెండు. మైక్రోవోల్ట్ సార్ ఏమనుకున్నాడో చెయ్యెత్తాడు. కళ్ళజోడాయన మూడు, కళ్ళజోడాయన మీద ఎవరమ్మా, అని బావ చూపు గది చుట్టూ తిప్పాడు. నర్సు చెయ్యెత్తింది. అక్క విసరడం ఆపేసింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. రమ్మంటోందో, వద్దంటోందో తెలియదు. తెల్లకోటు నాలుగు, తెల్లకోటు నాలుగు, తెల్లకోటు నా...

మాట అక్కడ తెగింది. నోరు తెరిచినట్టే ఉండిపోయింది. చెయ్యి బిగుసుకుంది.

నర్సు ఒక్క అంగలో చేరి ఆయన్ని పక్కకి ఒత్తిగిల్లజేసింది. అక్క ఆయన భుజం పట్టుకుంది. ఆమెకి అలవాటైన పట్టు అది. చిన్నది బావ వైపు చూడకూడదు. ఆమె చూడాల్సింది తెర. మంచం ఊచలు గలగలలాడుతుంటే, కళ్ళు నీళ్ళతో మసకబారుతుంటే, మణికట్టుతో తుడుచుకుంటూ చూసింది.

తెర మీద గీతలన్నీ లేచాయి. ఒక్కటి కాదు, పైనుంచి కిందిదాకా అన్నీ, గాలికి చేను మొత్తం ఒకేసారి వంగినట్టు, ఒకే తీరున లేచి ఒకే తీరున పడుతున్నాయి. వాటి మధ్య మూలబిళ్ళ గీత మాత్రం బిగలాగిన తాడులా ఉంది. వణకనైనా వణకలేదు.

సర్జన్ ఎప్పుడు వచ్చాడో ఆమె వెనక నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి మెడకి తగులుతోంది. ఫిట్టు తగ్గేదాకా అలాగే నిలబడి, తరవాత వాకిట్లోని స్ట్రెచర్ మనిషితో థియేటర్లో రేకు తీసే ఏర్పాటు ఒక్కటే చెయ్యమన్నాడు.

రేకు తీసి కుట్టేశారు. మెదడు ముక్క దేన్నీ ముట్టుకోలేదు.

రెండోనాటికి బావ దిండుకి ఆనుకుని కూర్చోగలిగాడు. ముఖం ఉబ్బి ఉంది, మాట ఉంది. మెలకువ రాగానే నర్సుతో అన్న మొదటి మాట, తెల్లకోటు నాలుగు దగ్గర పాట ఆగింది, ఆ గంప నీదేనమ్మా అని. నర్సు నవ్వుకుంటూ అందరికీ చెప్పింది. అక్క నవ్వలేదు. గోడ వారగా కుర్చీలో కూర్చుని మందుల డబ్బా సర్దుతోంది, మళ్ళీ అవే మందులు, అవే మోతాదులు. ఆమెకి దక్కిందేమిటో, పోయిందేమిటో చిన్నదానికి తెలుసు. ఇంటికి వెళ్ళాక స్నానాల గది తలుపు బయట మళ్ళీ నిలబడాల్సింది ఆమే. చిన్నది ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. అక్క పుచ్చుకుంది గాని, తాగకుండా కిటికీ గట్టు మీద పెట్టింది.

సర్జన్, మైక్రోవోల్ట్ సార్ కలిసి వచ్చారు. ఫిట్టు లోతునుంచి వస్తోందని తేలింది కాబట్టి ఇప్పటికి ఆపరేషన్ మాట లేదనీ, మందుల్లో కొత్తవి చూద్దామనీ సర్జన్ చెప్పాడు. సున్నాబిళ్ళని రేకు అవతలి అంచుకి మారుస్తున్నామనీ, తీసివేసిన సగటుని ఇకమీద తెర మీద పక్కనే చూపిస్తామనీ మైక్రోవోల్ట్ సార్ చెప్పాడు. చెప్పి, చిన్నది బాగా పట్టుకుందని కూడా అన్నాడు. ఆయన కొలతలో అది చాలా పెద్ద మాట. ఆమెకి అది చెవికెక్కలేదు.

తలుపు తెరిచి ఉంది. వరండాలో మాటలు నేర్పే అమ్మాయి ఏదో బొమ్మ చూపిస్తోంది. ఒక ఆడగొంతు మళ్ళీ మళ్ళీ మొదలై ఆగిపోతోంది. అది... అది...

సర్జన్ బావ భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు చాలా అదృష్టవంతులండీ. ఆఖరి నిమిషంలో బయటపడ్డారు."

బావ తలుపు వైపే చూస్తున్నాడు.

"నాకైతే మరదలుంది డాక్టర్‌గారూ," అన్నాడు. "ఆ టీచరమ్మకి లేదు."